నెలసరి ముందు వారం కోసం అమ్మేవాటిలో ఏది కొనాలి, ఏది వద్దు

నెలసరి ముందు వచ్చే చిరాకు, ఉబ్బరం లాంటి బాధలను పీఎంఎస్ అంటారు. ఆన్‌లైన్‌లో ‘పీఎంఎస్’ అని కొడితే చాలు, గులాబీ రంగు డబ్బాలు వరసగా వచ్చేస్తాయి. గమ్మీలు, నీళ్లలో వేస్తే పొంగే బిళ్లలు, పూల బొమ్మలున్న టీ పొట్లాలు. చిరాకు తగ్గుతుంది, ఉబ్బరం పోతుంది, మొటిమలు రావు, హాయిగా నిద్ర పడుతుంది అంటూ హామీలన్నీ ఒకే డబ్బా మీద ఉంటాయి. డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ‘మందుగా వాడేందుకు కాదు’ అన్న మాట ఉంటుంది. ఇలాంటి సప్లిమెంట్ల మీద ఆ మాట రాసి తీరాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన.

గమ్మీలతో అసలు చిక్కు మోతాదు దగ్గర వస్తుంది. నెలసరి ముందు బాధలకు పనిచేస్తుందో లేదో కాస్త పెద్ద ఎత్తున పరీక్షించి చూసిన పోషకం కాల్షియం. ఆ పరీక్షలో ఇచ్చింది రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతమే కాబట్టి, 1200 కావాలంటే 3 గ్రాముల కార్బొనేట్ పడుతుంది. చక్కెర, పెక్టిన్, రంగు, వాసన పోగా రెండు గమ్మీల్లో మిగిలే చోటులో 3 గ్రాముల సుద్దలాంటి పొడి పట్టదు. అందుకే చాలా గమ్మీల్లో కాల్షియం ఉండదు. కొద్దిగా బి6, రెండు మూడు మూలికల సారాలు వేసి సరిపెడతారు. ‘మూలికల మిశ్రమం ఇన్ని మి.గ్రా.’ అని మొత్తం ఒక్కటే రాసి, అందులో దేనిది ఎంతో చెప్పని డబ్బాను కొనకండి. ఎంత వేసుకుంటున్నామో తెలియనప్పుడు అది పనిచేస్తుందని చెప్పలేం, హాని చేయదనీ చెప్పలేం.

మరి వాటి కింద అన్ని మంచి రివ్యూలు ఎందుకున్నాయి? దానికి జవాబు కాల్షియం పరీక్షలోనే ఉంది. 1998లో అమెరికాలో అచ్చయిన ఆ అధ్యయనంలో 466 మంది మహిళలు పాల్గొన్నారు. మూడో నెలసరి చక్రానికి వచ్చేసరికి కాల్షియం వేసుకున్నవాళ్లలో మొత్తం బాధల స్కోరు 48 శాతం తగ్గింది. మందు లేని ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలోనూ 30 శాతం తగ్గింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తేలికపడ్డారు. కానీ ఏ బిళ్ల ఇచ్చినా అంత మేరకు తేలిక కనిపిస్తుందన్నప్పుడు, ‘నాకు పనిచేసింది’ అన్న రివ్యూ చూసి వెయ్యి రూపాయల డబ్బా కొనడం తొందరపాటే. ఉత్తుత్తి బిళ్లను దాటి ఎంత మేలు చేసిందన్నదే లెక్క.

కాల్షియం స్ట్రిప్ చదవడం ఎలా

మా మాట అడిగితే, ఈ షెల్ఫ్ మొత్తంలో ముందుగా డబ్బు పెట్టదగ్గది మామూలు కాల్షియం బిళ్ల. షెల్‌కాల్ 500 లాంటి స్ట్రిప్ తీసుకుని వెనక చూడండి. ‘కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా., అందులో ఎలిమెంటల్ కాల్షియం 500 మి.గ్రా., విటమిన్ డి3 250 ఐయూ’ అని ఉంటుంది. మీకు కావలసిన అంకె ఆ 500. కొన్ని బ్రాండ్లు ముందు వైపు పెద్దగా 1250 అని వేసి, 500ను చిన్నగా రాస్తాయి. అది చూసి ఒక్క బిళ్లతో సరిపోయిందనుకుంటే పొరపాటు. జన ఔషధి కేంద్రంలో ఇదే మందు బ్రాండ్ పేరు లేకుండా చాలా తక్కువకు దొరుకుతుంది. దాన్ని తక్కువ చూపు చూడాల్సిన పని లేదు.

పక్కనే ‘కోరల్ కాల్షియం’ అని రెట్టింపు ధరలో ఇంకొకటి ఉంటుంది. పగడపు దిబ్బల నుంచి వచ్చినా, గుల్ల నుంచి వచ్చినా అది కార్బొనేటే. కాల్సిట్రియాల్ కలిపిన క్యాప్సూల్ మాత్రం వేరే సంగతి. అది డి విటమిన్‌కు ఒంట్లో పనిచేసే రూపం. రక్తంలో కాల్షియం మితిమీరే ముప్పు ఉంది కనుక డాక్టరు రాస్తే తప్ప వద్దు. షాపతను ‘ఇది ఇంకా స్ట్రాంగ్ అమ్మా’ అని చేతిలో పెడితే వెనక్కి ఇచ్చేయండి.

వాడే తీరు కూడా ముఖ్యమే. ఒకేసారి 500 మి.గ్రా. కన్నా ఎక్కువ వేసుకుంటే ఒంటికి పట్టే వాటా తగ్గిపోతుంది. అందుకే పొద్దున టిఫిన్‌తో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి పరగడుపున వద్దు. గ్యాస్‌కు ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ రోజూ వాడేవాళ్లకు కార్బొనేట్ సరిగా పట్టదు, కాల్షియం సిట్రేట్ అడిగి తీసుకోండి. సిట్రేట్‌లో అసలు కాల్షియం 21 శాతమే, బిళ్ల కూడా పెద్దది.

రెండు బిళ్లలకు 1000 అయింది. మిగతాది తిండిలో వస్తుంది. ఒక గ్లాసు పాలలో సుమారు 240 మి.గ్రా. ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది కానీ, రాగిలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు అనే పదార్థాల వల్ల అదంతా ఒంటికి పట్టదు. రాగి జావలో మజ్జిగ కలుపుకుని తాగే మన అలవాటు మంచిదే. నువ్వుండలూ మంచివే, అయితే ఆ వారంలో తీపి మీద యావ ఎక్కువగా ఉండేవాళ్లు ఒకటితో ఆపాలి.

కాల్షియం పనిచేయకపోవడానికి ఒక కారణం వాడే తీరే. బాధ మొదలయ్యాక వేసుకుని, నెలసరి రాగానే ఆపేస్తారు. ఇది తలనొప్పి బిళ్ల కాదు. నెలంతా, రోజూ, కనీసం మూడు చక్రాలు వాడితేనే తేడా తెలుస్తుంది. మూడు చక్రాలకూ ఏమీ మారకపోతే, దీని కోసం ఇంకా కొనడం అనవసరం.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది. రక్తం తక్కువని ఐరన్ బిళ్ల, థైరాయిడ్‌కు థైరాక్సిన్, ఇప్పుడు కాల్షియం. మూడూ పొద్దున్నే ఒక్క గుక్కలో మింగేస్తే మొదటి రెండూ దండగ. కాల్షియం వాటిని పట్టనివ్వదు. పరగడుపున థైరాక్సిన్ వేసుకుంటే, కాల్షియానికి కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. అంటే టిఫిన్ బిళ్లను మధ్యాహ్నం భోజనానికి మార్చుకోవాలి. ఐరన్‌కూ కాల్షియానికీ రెండు గంటల ఎడం ఉండాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు పెంచి చూడండి, అప్పటికీ తగ్గకపోతే సిట్రేట్‌కు మారండి.

బి6, మెగ్నీషియం, ఈవినింగ్ ప్రిమ్‌రోజ్

బి6కు కొంత ఆధారం ఉంది, కానీ పాత అధ్యయనాల నాణ్యత గొప్పగా లేదు. వాటన్నిటినీ కలిపి చూసిన 1999 నాటి సమీక్ష, రోజుకు 100 మి.గ్రా. వరకు మేలు ఉండవచ్చంది. ఇబ్బంది ఏమిటంటే ఇదే విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే నరాలను దెబ్బతీస్తుంది. అరికాళ్లలో, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం మొదలవుతాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజువారీ గరిష్ఠ పరిమితిని 12 మి.గ్రా.కు తగ్గించింది. కాబట్టి 100 మి.గ్రా. బిళ్లను సొంతంగా కొనుక్కుని ఏళ్ల తరబడి వాడొద్దు. బి6 రెండు మూడు చోట్ల నుంచి వస్తోందేమో కూడా చూసుకోండి. గమ్మీలో ఉంటుంది, బి కాంప్లెక్స్‌లో ఉంటుంది, మల్టీవిటమిన్‌లోనూ ఉంటుంది.

మెగ్నీషియం మీద జరిగినవి చిన్న పరీక్షలు, ఫలితాలూ అటూ ఇటూగా ఉన్నాయి. ఆక్సైడ్ రూపం చవక, కానీ విరేచనాలు అవుతాయి. గ్లైసినేట్ కడుపుకు తేలిక, ధర ఎక్కువ. డబ్బు మిగిలితే కొనండి, కాల్షియం మానేసి మాత్రం కాదు.

ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూళ్లు మన దగ్గర ప్రిస్క్రిప్షన్లలో బాగా కనిపిస్తాయి, ముఖ్యంగా నెలసరి ముందు రొమ్ములు బరువెక్కి నొప్పి పుడుతుంటే. మంచి పరీక్షల్లో ఇది ఉత్తుత్తి క్యాప్సూల్ కన్నా మెరుగని తేలలేదు. బ్రిటన్‌లో ఈ నూనెతో అమ్మిన మందులకు ఆధారం చాలదని 2002లో లైసెన్సులు రద్దు చేశారు. రొమ్ముల బరువుకు దీనికన్నా, సరైన సైజులో ఒత్తుగా పట్టి ఉంచే బ్రా మీద డబ్బు పెట్టడం మేలు. రాత్రి పూట కూడా మెత్తని స్పోర్ట్స్ బ్రా వేసుకుంటే పక్క మీద కదిలినప్పుడు నొప్పి తక్కువగా ఉంటుంది. గడ్డలా చేతికి తగిలినా, ఒక్క వైపే నొప్పి ఉన్నా, నెలసరి అయ్యాక కూడా పోకపోయినా క్యాప్సూళ్లతో కాలక్షేపం చేయకుండా చూపించుకోవాలి.

మూలికల్లో కాస్త బలమైన ఆధారం ఉన్నది వైటెక్స్ ఆగ్నస్ కాస్టస్, చేస్ట్‌బెర్రీ అంటారు. 2001లో 170 మంది మీద జరిగిన పరీక్షలో దీని సారం రోజుకు 20 మి.గ్రా. తీసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో 24 శాతం మందికి బాధలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. అది ఒక ప్రత్యేకమైన సారం. పేరు ఒకటే ఉన్నంత మాత్రాన ప్రతి డబ్బాలోనూ అదే ఉండదు. మన చేల గట్ల మీద పెరిగే వావిలి దీని చుట్టమే కానీ వేరే జాతి, కనుక వావిలాకు కషాయానికి ఆ ఫలితాన్ని అంటగట్టలేం. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, మానసిక చికిత్స మందుల్లో ఉన్నవాళ్లు చేస్ట్‌బెర్రీ జోలికి వెళ్లకపోవడమే మంచిది. అశోకారిష్టం కొనేవాళ్లు ఒక్క సంగతి గమనించండి: అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవే, అందులో ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద ఆ మాట రాసే ఉంటుంది.

కాపడం

కాల్షియంలా నెలలు ఆగక్కర్లేకుండా, పెట్టిన పది నిమిషాల్లో ఒంటికి తెలిసేది కాపడం. నడుము లాగడం, పొత్తికడుపు బరువు, ఆ బిగువు వల్ల పట్టని నిద్ర, వీటికి వేడి పనిచేస్తుంది. నెలసరి నొప్పి మీద 2001లో జరిగిన ఒక పరీక్షలో, పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వేడి నిలిపి ఉంచే ప్యాచ్ ఐబుప్రొఫెన్ బిళ్లకు దీటుగా నిలిచింది. గమనించండి, 39 డిగ్రీలే. చర్మం ఎర్రబడేంత వేడి అక్కర్లేదు.

మా ఓటు రెండు లీటర్ల రబ్బరు హాట్ వాటర్ బ్యాగుకు. కరెంటుతో పని లేదు, ముందుగా పాడయ్యేది మూతలోని వాషరే. కొనేటప్పుడు మూత విప్పి వాషర్ మెత్తగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. మూత బిగించి గాలితో నొక్కితే ఎక్కడా బుస్సుమనకూడదు. నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, కాసేపు ఆగి పోయాలి. సలసల కాగే నీళ్లు పోస్తే రబ్బరు త్వరగా పాడవుతుంది, చేయీ కాలుతుంది. మూడింట రెండు వంతులే నింపి, బ్యాగును బల్ల మీద పడుకోబెట్టి, మెడను పైకి పట్టుకుని, నీళ్లు మెడ దాకా వచ్చేలా మెల్లగా నొక్కండి. లోపలి గాలి పోతుంది. అప్పుడు మూత బిగించాలి. గాలి మిగిలితే బ్యాగు బంతిలా ఉబ్బి పొట్ట మీద కుదురుగా కూర్చోదు. బిగించాక సింకు మీద తలకిందులు చేసి ఒకసారి చూసుకుని, తువాలు చుట్టి పెట్టుకోండి. దాని మీద పడుకోవద్దు, కూర్చోవద్దు. వాడాక నీళ్లు ఒంపేసి, మూత తీసి, ఎండ తగలని చోట తలకిందులుగా వేలాడదీయండి. మడతల దగ్గర సన్నని పగుళ్లు కనిపించిన రోజే పారేయాలి.

ప్లగ్గులో పెట్టి వేడి చేసే జెల్ బ్యాగులు, బొచ్చు కవరుతో వచ్చేవి, ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఐదు పది నిమిషాల్లో వేడెక్కుతాయి, సౌకర్యమే. కానీ లోపల ఉన్నది ద్రవం, అందులోకి వెళ్లేది ఇంటి కరెంటు. వేడెక్కాక ఆటోమేటిక్‌గా ఆగే ఏర్పాటు పాడైతే సంచి ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. ప్లగ్గు తీసి, వైరు విడదీశాకే ఒంటికి తగలాలి. ప్లగ్గులో ఉండగా ఒళ్లో పెట్టుకోవడం, పెట్టేసి పక్క గదిలోకి వెళ్లిపోవడం, రెండూ వద్దు. అంచు తడిగా కనిపించినా, సంచి ఉబ్బినట్టున్నా మళ్లీ ప్లగ్గులో పెట్టకండి. ఒక్కరే ఉండే హాస్టల్ గదికైతే మేం దీన్ని సిఫారసు చేయం. కరెంటే కావాలంటే, నడుముకు కట్టుకునే హీటింగ్ ప్యాడ్‌లో వేడి తగ్గించే స్విచ్, ఆటో కట్ ఉన్నది తీసుకోండి.

ఆఫీసుకైతే గాలి తగిలితే వేడెక్కే ఇనుపపొడి ప్యాచ్‌లు బాగుంటాయి. గంటల తరబడి సన్నని వేడి ఇస్తాయి. ఒకసారికే పనికొస్తాయి కనుక ఖర్చు ఎక్కువ. ప్యాకెట్ మీద బట్ట మీద అంటించమని ఉంటే చర్మం మీద అంటించకండి. బ్యాగైనా, ప్యాడైనా ఇరవై నిమిషాలు పెట్టి, కాస్త విరామం ఇవ్వండి. నొప్పి బామ్ రాసిన చోట కాపడం వద్దు, చర్మం కాలుతుంది. రోజుల తరబడి ఒకే చోట పెడితే గోధుమరంగులో వలలాంటి మచ్చలు వస్తాయి.

నొప్పి బిళ్ల గురించి

మెఫ్టాల్ స్పాస్ లాంటి బిళ్లలో 250 మి.గ్రా. మెఫెనమిక్ యాసిడ్, 10 మి.గ్రా. డైసైక్లోమిన్ ఉంటాయి. అది నెలసరి మెలిపెట్టే నొప్పికి పనికొస్తుంది. ముందు వారంలోని కోపానికీ, ఏడుపుకూ దాంతో సంబంధం లేదు. అలా వాడితే ఉపయోగం లేకపోగా కడుపులో మంట మిగులుతుంది. 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనమిక్ యాసిడ్‌తో రాగల డ్రెస్ సిండ్రోమ్ (మందు పడక ఒళ్లంతా, లోపలి అవయవాలకూ వచ్చే తీవ్రమైన అలర్జీ) గురించి హెచ్చరిక ఇచ్చింది. అరుదే అయినా, బిళ్ల వాడుతుండగా గానీ ఆ తర్వాత కొన్ని వారాల్లో గానీ జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు, మొహం వాపు వస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక ‘టెన్షన్ తగ్గుతుంది’ అని కొన్ని షాపుల్లో చీటీ లేకుండా చేతిలో పెట్టే ఆల్ప్రజోలం అసలే వద్దు. అలవాటుగా మారే మందు అది.

యాప్ కన్నా రూళ్ల నోటుబుక్కు

ఇవన్నీ కొనేముందు, అసలు ఇది నెలసరి ముందు వచ్చేదేనా అన్నది తేలాలి. నెలసరి యాప్‌లు తేదీ గుర్తు పెట్టుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ వాటి అంచనా పాత చక్రాల సగటు మీద ఆధారపడుతుంది, పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల సమస్య) ఉండి నెలసరి ఇష్టమొచ్చినట్టు వచ్చేవాళ్లకు అది తప్పుతుంది. వివరాల గోప్యత ఇంకో సంగతి. ఫ్లో అనే నెలసరి యాప్ తన వినియోగదారుల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకు చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందానికి రావలసి వచ్చింది.

రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీ చాలు. అడ్డంగా తేదీలు, నిలువుగా చిరాకు, దిగులు, ఆందోళన, నిద్ర, ఉబ్బరం, రొమ్ముల నొప్పి, ఇంట్లో లేదా ఆఫీసులో గొడవ. ప్రతి రాత్రి ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా అంకె. డాక్టర్లు వాడే రోజువారీ స్కోరు పత్రంలోనూ ఇదే కొలత. ఏ రోజుకారోజు రాయాలి, నెలాఖరులో గుర్తు చేసుకుని నింపితే పనికిరాదు. రెండు చక్రాలు రాశాక చూడండి. చివరి వారం పది రోజుల్లో అంకెలు ఎక్కి, నెలసరి మొదలైన కొద్ది రోజుల్లో దిగిపోయి, ఆ తర్వాత కనీసం ఒక వారం 1, 2 దగ్గరే ఉంటే అది పీఎంఎస్. నెలంతా 4, 5 ఉండి చివర్లో 6 అయితే, డిప్రెషనో ఆందోళనో ముందు నుంచే ఉండి నెలసరి ముందు ముదురుతోందని అనుమానించాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించాలి. వాటికి ఏ గమ్మీ జవాబు కాదు.

ఈ పేజీకి ఇంకో ఉపయోగం ఉంది. ఏ రోజుల్లో అంకెలు ఎక్కుతాయో తెలిస్తే, వాయిదా వేయగలిగిన పెద్ద మాటలు, లెక్కలు, ప్రయాణాలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ మానడం, పచ్చళ్లూ అప్పడాలూ తగ్గించడం, రోజూ అరగంట చురుగ్గా నడవడం, ఇవి ఆ రోజుల్లో నిజంగా సాయపడుతున్నాయో లేదో కూడా అంకెల్లో కనిపిస్తుంది.

షెల్ఫ్ మీద దొరకనివి

భర్త మీద, పిల్లల మీద అదుపు లేకుండా అరిచేయడం, పనికి వెళ్లలేకపోవడం, బతకాలని లేదనిపించడం, ఇవి ప్రతి నెలా అదే వారంలో వస్తుంటే అది పీఎంఎస్‌కు తీవ్రమైన రూపమైన పీఎండీడీ కావచ్చు. 2013 నుంచి మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. ఇలాంటి వారిలో హార్మోన్ల పరీక్షలు మామూలుగానే వస్తాయి, తేడా మెదడు వాటికి స్పందించే తీరులో ఉంటుంది. ‘రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేం లేదు’ అని ఎవరైనా అంటే అక్కడితో ఆగకండి. ఫ్లూఆక్సెటిన్, సెర్‌ట్రలిన్ లాంటి మందులు దీనికి బాగా పనిచేస్తాయి. డిప్రెషన్‌లో వారాలు పట్టే మందులు ఇక్కడ కొద్ది రోజుల్లోనే ఫలితం చూపిస్తాయి. కొందరికి నెలంతా కాక, నెలసరికి ముందు రెండు వారాలే ఇచ్చినా సరిపోతుంది. ఇవి ఆల్ప్రజోలంలా అలవాటుగా మారవు, అయితే రోజూ వాడుతున్నవాళ్లు హఠాత్తుగా ఆపకూడదు. డ్రోస్‌పైరినోన్ 3 మి.గ్రా., ఇథినైల్ ఎస్ట్రడయోల్ 20 మైక్రోగ్రాములు ఉండే 24 రోజుల గర్భనిరోధక మాత్ర ఇంకో దారి. కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు అది పనికిరాదు. రెండూ చీటీతోనే.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు చక్రాల లెక్క పూర్తయ్యేదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మిగతావాళ్లు గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు నోటుబుక్కు పేజీ, ఇప్పటికే వాడుతున్న అన్ని బిళ్లల స్ట్రిప్పులు, గమ్మీ డబ్బాతో సహా, వెంట తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చోగానే ముందు ఆ పేజీ చూపించండి.